బుర్రలో పనులు మోయొద్దు.. నోట్స్ యాప్‌లో ఈ ఐదు మెట్లు చాలు!

ఫోన్‌లో నోట్స్ యాప్ చాలామందికి ఉంటుంది. తెరిచి చూస్తే మాత్రం ఎప్పుడో రాసిన సరుకుల లిస్టు, ఎవరిదో తెలియని ఫోన్ నంబరు, సగంలో ఆగిపోయిన ఒక లైను. అసలు చేయాల్సిన పనులన్నీ బుర్రలోనే ఉంటాయి. వాటిలో కొన్ని గుర్తొచ్చేసరికి చివరి తేదీ దాటిపోయి ఉంటుంది. ఈ తిప్పలు తప్పించడానికి ప్రపంచమంతా వాడుతున్న ఒక పద్ధతి ఉంది. దానికి ఖరీదైన యాప్ అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు.

ఏంటీ పద్ధతి?

దీని పేరు ‘గెటింగ్ థింగ్స్ డన్’. పొట్టిగా జీటీడీ అంటారు. అమెరికాకు చెందిన డేవిడ్ అలెన్ 2001లో ఇదే పేరుతో పుస్తకం రాశారు. 2015లో కొత్త ఎడిషన్ కూడా వచ్చింది. అలెన్ చెప్పేదాని సారం ఒక్కటే. బుర్ర ఉన్నది ఆలోచించడానికి, సామాన్ల గదిలా పనులన్నీ దాచుకోవడానికి కాదు. పనులను బయట ఒకచోట పెట్టుకుంటే బుర్ర తన పని తాను చేసుకుంటుంది.

ఇందులో ఐదు మెట్లు ఉన్నాయి. 1. రాసుకోవడం. 2. తేల్చుకోవడం. 3. సర్దుకోవడం. 4. మళ్లీ చూసుకోవడం. 5. చేయడం. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. రాసుకుంటారు, మళ్లీ చూడరు. అందుకే ‘యాప్ వాడినా లాభం లేదు’ అనిపిస్తుంది.

పని అవ్వకపోయినా బుర్ర వదిలేస్తుందా?

పూర్తికాని పని ఒకటి ఉంటే అది పదే పదే గుర్తొచ్చి, చేతిలో ఉన్న పనిని పాడు చేస్తుంది. అందరికీ అనుభవమే కదా. దీని మీద మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పని మిగిలిపోయిన వాళ్లకు వేరే పని మీద మనసు నిలవలేదు. కానీ ఆ మిగిలిన పని ఎలా చేయాలో కచ్చితంగా ప్లాన్ రాసుకున్న వాళ్లకు ఆ గోల చాలావరకు తగ్గింది. అప్పటికి పని ఇంకా అవ్వలేదు, ప్లాన్ మాత్రమే రాశారు. అసలు కిటుకు ఇదే.

గూడూరు వ్యాపారులకు ఇది కొత్తేం కాదు

గూడూరు నిమ్మ మార్కెట్‌కు పేరు. కాయలు ఇక్కడి నుంచి ఉత్తరాది రాష్ట్రాలకు కూడా వెళ్తాయి. అలాంటి మార్కెట్‌లో ఏ రైతుకు ఎన్ని బస్తాలు, ఏ ధర పలికింది, ఎవరికి ఎంత బాకీ అన్నది ఎవరూ గుర్తుపెట్టుకుని నడపలేరు. పాతకాలం నుంచి వ్యాపారులు దీనికి రెండు పుస్తకాలు వాడారు. ఒకటి చిట్టా. రోజంతా జరిగింది జరిగినట్టు, వరసగా అందులో రాసేయడమే. రెండోది ఆవర్జా. చిట్టాలోంచి తీసి ఎవరి పద్దులోకి వాళ్ల లెక్క ఎక్కించేది అందులో.

జీటీడీలో ఉన్నది కూడా ఇదే. ముందు అన్నీ ఒకచోట గబగబా రాసేయాలి. తర్వాత తీరిగ్గా కూర్చుని పద్దుల వారీగా సర్దాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి. చిట్టా ఉండి ఆవర్జా లేకపోతే ఎలా ఉంటుందో, మన నోట్స్ యాప్ ఇప్పుడు అలా ఉంటుంది.

ఒక ఇంటి లిస్టు తీసుకుందాం

గూడూరు దగ్గర ఒక కుటుంబం అనుకుందాం. కొంత నిమ్మతోట, కొంత వరి. కూతురు ఇంటర్ రెండో ఏడాది. వాళ్ల బుర్రలో ఉన్నవన్నీ రాస్తే ఇలా ఉంటుంది: బోరు మోటరు, ఈ-క్రాప్, ఆదాయ పత్రం, కమీషన్ షాపు డబ్బులు, కరెంటు బిల్లు, నాన్న కంటి ఆపరేషన్, బండి ఇన్సూరెన్స్, తోటకు డ్రిప్.

ఇది చిట్టా. ఇప్పుడు ఒక్కోదాన్నీ పట్టుకుని ఒకే ప్రశ్న వేయాలి. ‘దీనికి ఇప్పుడు చేయాల్సిన మొదటి పని ఏంటి?’

కరెంటు బిల్లు: ఫోన్‌లో రెండు నిమిషాల్లో కట్టేయొచ్చు. కాబట్టి లిస్టులో ఎక్కించకుండా అప్పుడే కట్టేయాలి. జీటీడీలో దీన్ని రెండు నిమిషాల రూల్ అంటారు.

బండి ఇన్సూరెన్స్: దీనికి తేదీ ఉంది. వారం ముందే మోగేలా క్యాలెండర్‌లో పెట్టాలి. ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపి మొదటిసారి దొరికితే చట్టప్రకారం జరిమానా రూ.2,000.

కమీషన్ షాపు డబ్బులు: మన చేతిలో లేదు, వాళ్లు ఇవ్వాలి. ఇది ‘ఎదురుచూపు’ పద్దు. ఎవరు, ఎంత, ఏ రోజు ఇస్తామన్నారు.. ఈ మూడూ రాసుకోవాలి. ఆదాయ పత్రం కూడా సచివాలయంలో దరఖాస్తు ఇచ్చేశాక ఇదే పద్దులోకి వస్తుంది. రసీదు ఫొటో తీసి నోట్‌కు జత చేస్తే ఇంకా మంచిది.

ఈ-క్రాప్: ఇలా ఒక్క మాట రాస్తే ఏం చేయాలో తెలీదు. ‘రైతు సేవా కేంద్రానికి వెళ్లి మన సర్వే నంబరు, పంట సరిగ్గా ఎక్కాయో లేదో చూడాలి, ఈ-కేవైసీ అయ్యిందో అడగాలి’ అని రాయాలి. పంట నష్టపోతే ఇన్‌పుట్ సబ్సిడీ అయినా, పంటల బీమా అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదే ఆధారం. గడువులో ఇది చూసుకోకపోతే తుపాను వచ్చి వెళ్లాక చేసేదేం ఉండదు.

నాన్న కంటి ఆపరేషన్: ఇది ఒక్క పని కాదు, పది పనులు. ఒకటి కంటే ఎక్కువ మెట్లు ఉన్న ప్రతిదాన్నీ జీటీడీలో ‘ప్రాజెక్టు’ అంటారు. మొత్తం ఆపరేషన్ గురించి ఆలోచిస్తే భయమేసి వాయిదా పడుతుంది. మొదటి మెట్టు మాత్రం చిన్నదే. ‘నెల్లూరు ఆసుపత్రికి ఫోన్ చేసి, కంటి డాక్టర్ ఏ రోజుల్లో చూస్తారో అడగాలి.’ ఇది రాస్తే ఈ రోజే చేయొచ్చు. బోరు మోటరుకూ ఇంతే. ‘మోటరు బాగు చేయించాలి’ అని కాకుండా ‘వైండింగ్ షాపుకు ఫోన్ చేసి రేటు కనుక్కోవాలి’ అని ఉండాలి.

తోటకు డ్రిప్: ఈ ఏడాది డబ్బుల్లేవు. అయినా మర్చిపోకూడదు. ‘ఎప్పుడైనా’ పద్దులో పడేస్తే సరి.

ఫోన్‌లో ఎలా సెట్ చేయాలి?

గూగుల్ కీప్ యాప్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2013లో వచ్చింది, ఉచితం. అందులో నోట్లకు లేబుళ్లు పెట్టుకోవచ్చు. నాలుగు లేబుళ్లు చేస్తే చాలు: చేయాలి, ప్రాజెక్టులు, ఎదురుచూపు, ఎప్పుడైనా. ‘చిట్టా’ అని ఒక నోటు చేసి పైన పిన్ చేయాలి. రోజంతా తట్టినవన్నీ అందులోనే పడాలి.

తెలుగులో టైప్ చేయడం కష్టమనుకునే వాళ్లు కీబోర్డు మీద ఉన్న మైక్ నొక్కి చెప్తే చాలు. జీబోర్డ్ తెలుగు మాటలను అక్షరాల్లోకి మారుస్తుంది. ఒకే నోటును ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునే సదుపాయం కూడా కీప్‌లో ఉంది. ఒకరు పని పూర్తి చేసి టిక్ పెడితే మిగతావాళ్ల ఫోన్లలో కనిపిస్తుంది.

యాప్‌లే వద్దనుకుంటే వాట్సాప్‌లో మనకు మనమే మెసేజ్ పంపుకునే సౌకర్యం ఉంది. చిట్టాకు అది సరిపోతుంది. ఆవర్జాకు మాత్రం వేరే చోటు కావాలి. పాత మెసేజ్‌లు పైకి వెళ్లిపోతే పద్దులు దొరకవు.

ఊరి పేరే లేబుల్!

జీటీడీలో ఇంకో మంచి ఆలోచన ఉంది. పనులను ‘ఎక్కడ చేయగలం’ అన్న లెక్కన కూడా విడదీయడం. గూడూరు వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.  ఆసుపత్రికి నెల్లూరు, ఇంకో పనికి తిరుపతి, షాపింగ్‌కో చుట్టాలింటికో చెన్నై.. మూడు దిక్కులకూ గూడూరు జంక్షన్ నుంచి రైళ్లున్నాయి. తిరుపతికి వెళ్లి ఒక పని చూసుకుని, ఇంటికొచ్చాక రెండోది గుర్తొస్తే ఒక రోజు, ఒక టికెట్ ఖర్చు వృథా.

అందుకే తిరుపతి, నెల్లూరు, చెన్నై అని మూడు లేబుళ్లు అదనంగా పెట్టుకోవచ్చు. రైలు ఎక్కాక ఆ ఊరి లేబుల్ తెరిస్తే అక్కడ చేయాల్సినవన్నీ ఒకేచోట ఉంటాయి.

వారానికి అరగంట.. ఇదే అసలు మెట్టు

ఈ పద్ధతి నిలబడేదీ, కూలిపోయేదీ నాలుగో మెట్టు దగ్గరే. వారానికి ఒకసారి, ఆదివారం ఉదయమో సాయంత్రమో అరగంట కూర్చోవాలి. చిట్టా ఖాళీ చేయాలి. ప్రతి ప్రాజెక్టుకూ తర్వాతి మెట్టు రాసి ఉందో లేదో చూడాలి. ఎదురుచూపులో తేదీ దాటిన వాటికి ఫోన్ చేయాలి. ఈ అరగంట తప్పితే రెండు మూడు వారాల్లో బుర్రకు లిస్టు మీద నమ్మకం పోతుంది. పనులన్నీ మళ్లీ బుర్రలోకే వచ్చేస్తాయి.

ఇందులో లోపాలు లేవా?

ఉన్నాయి. ఏ పని ముఖ్యం అన్నది ఈ పద్ధతి మన బదులు తేల్చదు. వంద పనులు రాసుకుంటే వందా కనిపిస్తాయి, రోజుకు ఉన్నది మాత్రం అదే 24 గంటలు. రంగులు, లేబుళ్లు, టెంప్లేట్లు సర్దుకోవడమే పనైపోయే ప్రమాదమూ ఉంది. నోషన్ లాంటి పెద్ద యాప్‌లలో ఇది ఎక్కువ.

ఇంకోటి, యాప్‌ను పూర్తిగా నమ్ముకోకూడదు. ఒకప్పుడు జీటీడీ అభిమానులు బాగా వాడిన ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. వేల నోట్లు దాచుకున్న వాళ్లు ఇరుకున పడ్డారు. కాబట్టి అప్పుడప్పుడూ కాపీ తీసి పెట్టుకోవాలి. కీప్ నోట్లయితే గూగుల్ టేకౌట్ ద్వారా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఏటీఎం పిన్, యూపీఐ పిన్, పాస్‌వర్డ్‌లు మాత్రం నోట్స్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. ఫోన్ పోతే పనుల లిస్టుతో పాటు అవీ పోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు యాప్ వెతకొద్దు. పది నిమిషాలు కూర్చుని బుర్రలో ఉన్నవన్నీ ఒక్క నోటులో రాసేయాలి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ కాలంగా వాయిదా పడుతున్న పని ఒకటి తీసుకుని, దాని ఎదురుగా మొదటి మెట్టు రాయాలి. చాలాసార్లు అది ఒక్క ఫోన్ కాలే అయి ఉంటుంది.