ఊడిరావడానికే పుట్టిన జిగురు

అంటించడం పెద్ద విద్యేమీ కాదు. గంజి, ఉడికించిన మైదా, తుమ్మబంక... మన ఇళ్లలో జిగుర్లకు ఏనాడూ కొదవ లేదు. అంటించినదాన్ని నెలల తర్వాత, కింద మరక మిగలకుండా, చేతికి బంక తగలకుండా ఒలిచెయ్యగలగడం మాత్రం విద్యే. ఆ విద్యలో ఆరితేరిన వస్తువు కొత్త కారు బానెట్ మీద, పైకప్పు మీద వేసి పంపే తెల్లటి ప్లాస్టిక్ ఫిల్మ్. కారు అప్పగించేలోపే దాన్ని తీసేస్తారు గనుక కొన్నవాళ్లలో చాలామంది దాన్ని చూడనే చూడరు. చూడాలంటే ఓడ కోసం రేవులో బారులు తీరిన ఎగుమతి కార్ల దగ్గరికి వెళ్లాలి.

ఫిల్మ్ రాకముందు ఆ పని మైనం చేసేది. ఫ్యాక్టరీ గేటు దాటేముందు కారుకు మైనం పూత కొట్టేవారు. ఉప్పుగాలి, పక్షి రెట్టలు, రైలు పట్టాల నుంచీ బ్రేకుల నుంచీ లేచే ఇనుప రజను (ఇది పెయింట్ మీద వాలి, తుప్పు పట్టి, నారింజ చుక్కలవుతుంది) అన్నీ మైనం మీదే ఆగిపోయేవి. చిక్కంతా కారు చేరాక మొదలయ్యేది. కిరోసిన్ లాంటి ద్రావణి, దాని మీద వేడినీటి ధార పడితే గాని అది వదిలేది కాదు. ఆ మడ్డి అంతా కాలువ పాలు. ఫిల్మ్‌కు ద్రావణి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఒలిచాక ఉండచుట్టి పారేస్తే సరి. మైనం మీద అది గెలవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అసలు కారు పెయింటుకూ జిగురుకూ పేచీ 1920లనాటిది. అప్పట్లో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు. ఒక రంగు కొట్టేటప్పుడు రెండో రంగు మీద కాగితం కప్పి, దేనితోనో ఒకదానితో అంటించేవారు. తీసేటప్పుడు దానితోపాటు కొత్త పెయింటూ లేచొచ్చేది. సెయింట్ పాల్ నగరంలో ఉప్పుకాగితం తయారుచేసే త్రీఎమ్ కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ, నమూనాలు పట్టుకుని ఒక షెడ్డుకు వెళ్లి, పెయింటర్ల తిట్లు చెవులారా విన్నాడు. బాంజో వాయించుకుంటూ ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేసిన కుర్రాడు. ఆ తిట్లలోంచే 1925లో మాస్కింగ్ టేప్ పుట్టింది. తర్వాత ప్రపంచమంతా పాకిన టేపుల వంశానికి మూలపురుషుడు అదే. గట్టిగా అంటుకోవాలన్నది అక్కడ ఎవరి కోరికా కాదు, బుద్ధిగా ఊడిరావాలన్నదే. కారు ఫిల్మ్ ఆ మాస్కింగ్ టేప్‌కు పెద్ద సైజు మనవడు.

నేను పాఠం చెప్పే క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "హైవే మీద ట్రైలర్ ఎనభై స్పీడులో పోతున్నా ఊడని ఫిల్ము నా రెండు వేళ్లకి ఎలా ఊడుతుంది సార్?" ఇంతకన్నా మంచి ప్రశ్న పాఠ్యపుస్తకంలో లేదు.

గంటకు 80 కిలోమీటర్ల గాలి పీడనం చదరపు మీటరుకు దాదాపు 30 కిలోల బరువంత. వేళ్లకు అంత బలం అవసరమే లేదు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీని ఒలవడానికి పావుకిలో లాగుడు చాలు. గాలి తన 30 కిలోలను చదరపు మీటరంతటా పరిచేస్తుంది. అన్ని చోట్లా జిగురు ఒక్కసారే వదలాలి, అది జరగదు. మన వేళ్లు మాత్రం బలమంతా ఒక్క గీత మీద పెడతాయి. జిగురు వదులుతున్న సరిహద్దు గీత అది. అక్కడ వదిలితే గీత పక్కకు జరుగుతుంది, మళ్లీ అక్కడ వదులుతుంది. అందుకే ఫిల్మ్ వేసేవాళ్ల ప్రాణమంతా అంచుల మీద ఉంటుంది. ఒక మూల లేచిందంటే గాలికి కూడా వేలు దొరికినట్టే.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, కోణం. ఫిల్మ్‌ను నిట్టనిలువుగా పైకి లాగారనుకోండి. ఒక సెంటీమీటరు ఒలవడానికి చెయ్యి ఒక సెంటీమీటరు జరుగుతుంది. ఇప్పుడు దాన్ని పూర్తిగా వెనక్కి మడిచి, ఇంకా ఒలవాల్సిన ఫిల్మ్ మీదుగా లాగండి. ఈసారి ఒక సెంటీమీటరు ఒలిస్తే చెయ్యి రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. జిగురును విడదీయడానికి అయ్యే శక్తి రెండుసార్లూ ఒక్కటే. శక్తి అంటే బలం ఇంటూ దూరం. దూరం రెట్టింపైంది గనుక బలం సగం చాలు! మూడోది చూడండి. ఒలిచేసిన వైపుకు ఫిల్మ్‌ను వాల్చి, పెయింటుకు 30 డిగ్రీల కోణంలో లాగితే సెంటీమీటరు ఒలిచేసరికి చెయ్యి జరిగేది మిల్లీమీటరున్నరకన్నా తక్కువ. అంటే నిలువుగా లాగినప్పటికన్నా ఏడున్నర రెట్లు బలం కావాలి. ఇంకా నేలబారుకు వెళ్తే ఊడేలోపు ఫిల్మే సాగుతుంది, లేదా చిరుగుతుంది. రబ్బరు శాస్త్రంలో ఉద్దండుడైన రొనాల్డ్ రివ్లిన్ 1944లోనే ఈ లెక్క రాసిపెట్టాడు. జిగురు ఏదో, మందం ఎంతో అడగకుండానే ఇంత చెప్పేస్తుందది. కొత్త ఫ్రిజ్ తలుపు మీద వచ్చే ఇలాంటి ఫిల్మ్‌కు స్ప్రింగ్ త్రాసు తగిలించి చూస్తే 180 డిగ్రీల దగ్గర సరిగ్గా సగం రాదు, కొంచెం ఎక్కువే వస్తుంది. మందపాటి ఫిల్మ్‌ను వంచడానికీ కొంత శక్తి ఖర్చవుతుంది మరి.

ఆ "జిగురును విడదీసే శక్తి" మాత్రం స్థిరంగా ఉండే రకం కాదు. అణువుల మధ్య ఆకర్షణను తెంచడానికి కావలసింది బహు స్వల్పం. నిజంగా ఖర్చయ్యేది దానికి వందల, వేల రెట్లు. తేడా అంతా జిగురు సన్నటి తీగలుగా సాగి, వేడెక్కి, తెగడంలో పోతుంది. మెల్లగా లాగితే దాని పొడుగాటి అణువులు ఒకదాని నుంచి ఒకటి చిక్కు విడిపించుకుంటాయి, తక్కువ బలం చాలు. వేగంగా లాగితే బిగుసుకుంటాయి. మరీ వేగమైతే ఆగి, జారి, ఆగి, జారి కీచుమంటుంది. శూన్యంలో టేపును అలా ఒలిస్తే ఎక్స్‌రేలు కూడా వస్తాయని, వాటితో వేలి ఎముకను ఫొటో తీయవచ్చని 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. కారు దగ్గర భయం లేదు, చుట్టూ గాలి ఉంటుంది.

చలి జిగురుకు వేగం చేసే పనే చేస్తుంది, బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎండ దాన్ని మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ జిగురు తనలో తానే చీలి, సగం ఫిల్మ్‌తో వచ్చి, సగం పెయింటు మీద ఉండిపోతుంది. కారు నీడలో చల్లబడ్డాకే ఒలవాలనేది ఇందుకే. ఈ ఫిల్మ్ ఊడటానికి మూడు చోట్లున్నాయి: ప్లాస్టిక్‌కూ జిగురుకూ మధ్య, జిగురు లోపల, జిగురుకూ పెయింటుకూ మధ్య. ఎప్పుడూ మూడో చోటే ఓడిపోవాలి. ఇంజనీరు ముందే ఫిక్స్ చేసి పెట్టిన మ్యాచ్ ఇది.

అలా ఓడిపోవడానికి ఎంచుకున్న జిగుర్లలో పేరున్నది పాలీఐసోబ్యుటిలీన్. టైరు ట్యూబుల్లో గాలిని పట్టి ఉంచే బ్యూటైల్ రబ్బరుకు దగ్గరి చుట్టం. సహజ రబ్బరు అణువులో అడుగడుగునా ఉండే జంట బంధాలు దీని గొలుసులో లేవు. ఎండా ఆక్సిజనూ మొదట దాడి చేసేది ఆ బంధాల మీదే. ఫిల్మ్ తెల్లగా ఉండటం కూడా అందం కోసం కాదు. టైటానియం డయాక్సైడ్ కలిపితే అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగవు. అయినా గడువుంటుంది, సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది. అది దాటితే ప్లాస్టిక్ పెళుసెక్కి గోరంత ముక్కలుగా వస్తుంది. మిగిలిన బంక నీళ్లకు లొంగదు, నూనె జాతి ద్రావణికే లొంగుతుంది. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకునే ఇళ్లలో ఈ రసాయన శాస్త్రం ఎప్పటినుంచో ఉంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. దూర ప్రయాణాలకు మూతవేసిన వ్యాగన్లు వచ్చాయి. మన రైల్వే పాత ప్రయాణికుల బోగీలనే కార్లు మోసేలా మార్చేసింది. కప్పు కింద వెళ్లే కారుకు ఒళ్లంతా ఫిల్మ్ అక్కర్లేదు గనుక అది అంచులకూ, బంపర్లకూ కుదించుకుంది. ఇంతలో పెయింటును కాపాడే దాని బంధువు ఒకటి షోరూముల్లోకి దిగింది. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక నుంచి కాపాడటానికి వాడిన పాలీయురెథేన్ ఫిల్మ్ వారసురాలు. ఉచితంగా వచ్చిన ఫిల్మ్‌ను ఒలిచేసి, వేలకు వేలు పోసి ఇంకో ఫిల్మ్ అంటించుకుంటున్నాం. అంటించేవాళ్లను ఒక్కటి అడగండి, ఇది ఎన్నేళ్లకు, ఎలా ఊడుతుందని.

కొత్త కారు తలుపు అంచున, స్టీరింగ్ మీద, టచ్‌స్క్రీన్ మీద ఇంకా ఫిల్మ్ ఉంటే ముచ్చటగా ఉందని ఉంచుకోకండి. ఫ్రిజ్ మీదదీ అంతే. నీడలో, మెల్లగా, వెనక్కి మడిచి, ఈ ఆదివారమే తీసెయ్యండి.