శేషాచల వనములు - దిగువ గ్రామముల నీరు

తిరుమల కొండలను మనవారు పుణ్యక్షేత్రముగా ఎరుగుదురు. ఆ కొండలపై వ్యాపించిన అరణ్యము దిగువనున్న చెరువులకును బావులకును ఆధారమన్న సంగతి అంతగా ప్రచారమునకు రాలేదు. ఈ అరణ్యములో సుమారు 353 చదరపు కిలోమీటర్ల భాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముగా ఏర్పడినది. దానిని కలుపుకొని 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచల ప్రాంతము 2010లో జీవావరణ రక్షిత మండలముగా ప్రకటింపబడినది.

కొండ అడుగున మిక్కిలి పురాతనమైన నల్లరాతి పొర కలదు. దానిపై ఇసుక గట్టిపడుటచే ఏర్పడిన రాతి పలకలు పేర్చినట్లుండును. ఈ రెంటికిని నడుమ కోట్ల సంవత్సరముల వ్యవధి కలదని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఘాట్ రోడ్డు ప్రక్కన ఆ సంధిని కంటితో చూడవచ్చును. బస్సులో కునుకు తీయు యాత్రికునకు మాత్రము అది కనబడదు! పై పలకల పగుళ్లలో ఇంకిన వాననీరు క్రింది పొరను దాటలేక ఊటలై బయల్పడును. దక్షిణపు వాలు నీరు స్వర్ణముఖిని చేరును; ఉత్తరపు నీరు చెయ్యేటి ద్వారా పెన్నలో కలియును. తలకోన జలపాతమును, తిరుపతికి నీరిచ్చు కల్యాణి జలాశయమును ఈ కొండల నీటివే.

ఎర్రచందనము సహజముగా పెరుగునది తూర్పు కనుమల దక్షిణ భాగముననే. రాతినేలలో మెల్లగా పెరుగు ఈ వృక్షమునకు చేవ పట్టుటకు దశాబ్దములు పట్టును. దొంగవ్యాపారి చేతికి మట్టి అంటదు. గొడ్డలి పట్టి చెరసాలకు పోవునది కూలికాశపడిన గ్రామ యువకుడే. రాతి నెరియలలో బంగారు బల్లి, చెట్లపై దేవాంగపిల్లి, చరియలపై ఈతచెట్టును పోలిన సైకస్ బెడ్డోమై అను అరుదైన మొక్క కలవు. ఈ మొక్క మగ పూగుత్తులను మందునకై కోసికొనిపోవుటచే దాని సంతతి తగ్గుచున్నది.

అన్నిటికంటె పెద్ద చేటు నిప్పు. కొత్త పచ్చిక మొలచునన్న ఆశతో కొందరు ఎండిన బోదగడ్డికి నిప్పు పెట్టుదురు. పచ్చిక మొలచుట నిజమే. కాని లేతమొక్కలును, రాలిన ఆకుల పొరయు కాలిపోవును. కప్పు పోయిన నేలలో నీరు ఇంకక, తొలివానకే మన్ను కొట్టుకొనివచ్చి చెరువును పూడ్చును. నిప్పు పెట్టినవాడొకడు, పూడిక తీయించువారు గ్రామస్థులందరు.

జాతీయోద్యానములో పశువులను మేపరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము శాసించుచున్నది. మేత లేని రైతునకిది కష్టమే. కావున పంచాయతీ బంజరులో పశుగ్రాసము పెంచుటకు తీర్మానింపవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి పంచాయతీలోను జీవవైవిధ్య యాజమాన్య సమితి ఉండవలెను. స్థానికముగా దొరకు మూలికల వివరములను ఆ సమితి పట్టికలో వ్రాయించవలెను. సరిహద్దు వెంబడి గడ్డి తొలగించు పనిని మాఘమాసములోనే అటవీశాఖవారితో కూడి ముగించుట మంచిది. ఫాల్గుణము వచ్చునప్పటికి గడ్డి పూర్తిగా ఎండిపోవును.