శునకముల మూగభాష

తోక నాడించు కుక్క స్నేహము చూపుచున్నదని లోకులు నమ్ముదురు. ఈ నమ్మకము సగమే నిజము. కఱవబోవు కుక్కయు తోక నాడించును. తోక నొక్కదానినే చూచి చేయి చాచిన బాలురు పలువురు గాయపడుచుందురు.

కుక్కకు దేహమే భాష. 1872వ సంవత్సరమున చార్లెస్ డార్విన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మనుష్యుల యొక్కయు జంతువుల యొక్కయు భావప్రకటనమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అందొక కుక్క వర్ణన మున్నది. అది క్రొత్తవానిని చూచి కోపముతో ఎదురుగా వచ్చుచున్నది. నడక బిఱుసెక్కినది, తోక నిట్టనిలువుగా నిలిచినది, మెడమీది వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నవి, చెవులు ముందునకు మరలినవి, చూపు కదలదు. ఇంతలో వచ్చినవాడు తన యజమానుడేయని అది గుర్తించినది. తోడనే ఒడలు వంగి మెలికలు తిరిగెను, తోక క్రిందికి దిగి ఇటునటు ఊగెను, చెవులు వెనుకకు వాలెను, పెదవులు సడలెను. కోపమునకును ప్రేమకును గల భేదము దేహమంతటను కనబడునని దీనివలన తెలియుచున్నది.

2007లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు మఱియొక విశేషమును కనుగొనిరి. యజమానుని చూచిన కుక్క తోక కుడివైపునకును, బెదరించు క్రొత్త కుక్కను చూచినపుడు ఎడమవైపునకును ఎక్కువగా ఊగునట. వినుటకు వింతయే గాని, వీధిలో నడచువానికి ఈ కొలత అక్కఱకు రాదు.

కోపము కంటె భయమును గుర్తించుట కష్టము. భయపడిన కుక్క తోకను కాళ్ళ సందున ముడుచును. మొగము ప్రక్కకు త్రిప్పి, కంటి తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచును. ఆహారము లేకున్నను పెదవులు నాకుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. దానిని చూచి పిల్లలు నవ్వి మఱింత దగ్గఱకు పోవుదురు. గొలుసుతో కట్టిన కుక్కకును, గోడమూల చిక్కిన కుక్కకును పాఱిపోవు త్రోవ యుండదు గనుక కఱచుటయే దానికి మిగులును. గుఱ్ఱుమనుట కూడ హెచ్చరికయే. అందులకై దానిని కొట్టినచో, మఱునాడు హెచ్చరింపకయే కఱవవచ్చును.

భారతము ఆదిపర్వమున సరమ యను దేవశునకి కథ కలదు. తప్పు చేయని తన బిడ్డను కొట్టినందులకు ఆమె జనమేజయుని సభకే వచ్చి అడిగెను. వీధికుక్క అట్లు అడుగజాలదు, కాని మఱవదు. ఒకసారి రాయి తిన్న కుక్క, బంతి తీయుటకు వంగిన బాలుని చూచినను పండ్లు బయటపెట్టును.

అట్టి కుక్క ఎదురైనపుడు వంగరాదు, పరుగెత్తరాదు. పరుగెత్తు దానిని తఱుముట కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణము. చేతులు దేహమునకు చేర్చి, ప్రక్కకు తిరిగి, దాని కన్నులలోనికి చూడక కదలకుండ నిలువవలెను. అది శాంతించిన పిమ్మట మెల్లగా తొలగవలెను. క్రింద పడినచో ముడుచుకొని చేతులతో మెడను, చెవులను కప్పుకొనవలెను. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లల తల్లిని సమీపింపరాదు.

ఇంతచేసినను కఱచినచో, తిట్లకు వెఱచి గాయమును దాచుట అన్నిటికంటె ప్రమాదకరము. చిన్న గీత పడినను సబ్బుతో పాఱు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము పూయరాదు. పిచ్చికుక్క కాటు వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట అత్యంత దుర్లభము. ముందే టీకా వేసినచో వ్యాధి రాకుండ నిలుచును. 1885లో పారిస్ నగరమున లూయీ పాశ్చర్ ఈ టీకా నిప్పించిన మొదటివారిలో కుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలుడొకడు, వాడు బ్రదికెను. పూర్వము పొట్టమీద వేయుచుండిన సూదులను తలచి పిల్లలు నేటికిని జడియుదురు. ఇప్పుడు ఆ టీకాను భుజమునకే వేయుచున్నారు.