డాక్టర్ మాట ఫోన్‌లో రికార్డు చేయొచ్చా?

మాసన్ లేక్స్‌లో మనవాళ్లు తరచూ అడిగేది ఇదే: డాక్టర్ ఇంగ్లీషులో గబగబా చెప్పేస్తారు, సగం అర్థం కాదు, చెప్పకుండా రికార్డు చేస్తే తప్పా?

మెల్‌బోర్న్ చుట్టాల మాట ఇక్కడ పనికిరాదు. విక్టోరియాలో మీరు మాట్లాడిన మాటల్ని మీరు రికార్డు చేసుకోవచ్చు. మన సౌత్ ఆస్ట్రేలియాలో 2016 నిఘా పరికరాల చట్టం ప్రకారం మాట్లాడేవాళ్లందరూ ఒప్పుకోవాలి. లేకపోతే 15,000 డాలర్ల దాకా జరిమానా లేదా 3 ఏళ్ల దాకా జైలు. మీ న్యాయమైన ప్రయోజనం కాపాడుకోవడానికి అవసరమైతే మినహాయింపు ఉంది. ఆ అవసరం ఉందో లేదో తేల్చేది మాత్రం కోర్టు.

ఈ చట్టానికి ముందు, 2015లో, అడిలైడ్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఒకావిడ తండ్రి గదిలో రహస్యంగా కెమెరా పెట్టింది. ముసలాయన్ని హింసించిన కేర్ వర్కర్ దొరికిపోయి జైలుకెళ్లాడు. అయినా హోమ్ వాళ్లు, నువ్వూ చట్టం మీరి ఉండొచ్చని ఆవిడనే హెచ్చరించారు! (మనవాళ్లు చాలామంది చేసేది ఆ కేర్ పనే. కెమెరా మనల్నీ చూస్తుంది.)

అందుకే ముందే అడగండి: "డాక్టర్ గారూ, మర్చిపోతాను, రికార్డు చేసుకోనా?" ఆయన సరే అన్న మాట కూడా అందులో పడనివ్వండి. వద్దంటే రాసిమ్మనండి, లేదా 131 450కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని పిలవమనండి. రికార్డింగ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. వైద్యంలో అన్యాయం జరిగిందనిపిస్తే రాష్ట్రంలో ఆరోగ్య సేవల ఫిర్యాదుల కమిషనర్ ఉన్నారు, ఫిర్యాదుకి డబ్బు కట్టక్కర్లేదు.