మురికి ఏటి ఒడ్డు పూలతోట అయింది

కువైట్‌లో నది లేదు. మనం తాగే నీళ్ళు కూడా సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే. అందుకేనేమో, శుక్రవారం ఫర్వానియాలో మనవాళ్ళు నలుగురు కలిస్తే మాట ఊళ్ళోని ఏటి మీదికి పోతుంది. సెలవుకెళ్ళి వచ్చినవాళ్ళు మాత్రం, "ఇంకేం ఏరన్నా, గట్టంతా చెత్త, ముళ్ళకంపే" అంటారు.

అలాంటి గట్టునే బాగుచేసుకున్న ఊరు ఒకటుంది. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో గ్రీన్‌విల్. ఊరి నడుమ రీడీ అనే చిన్న నది, దాని మీద జలపాతం. బట్టల మిల్లులు వచ్చాక రంగునీళ్ళన్నీ నదిలోకే వదిలారు. 1960లో జలపాతం పైనే కాంపర్‌డౌన్ వంతెన కట్టేశారు. జలపాతం దాని కింద మరుగున పడిపోయింది.

1967లో కరోలినా ఫుట్‌హిల్స్ గార్డెన్ క్లబ్ ముందుకొచ్చింది. మొక్కలంటే ఇష్టమున్న మహిళల సంఘం అది. నగరపాలక సంస్థ, ఫర్మన్ యూనివర్సిటీ తోడ్పాటుతో 26 ఎకరాల ఒడ్డును పార్కు కోసం దక్కించుకుని, శుభ్రం చేసి మొక్కలు నాటారు. కానీ నెత్తిన వంతెన అలాగే ఉంది. బండ్లు తిరిగే వంతెనను పడగొట్టడమేమిటని చాలామంది ఎదురుచెప్పారు. చివరికి 2002లో దాన్ని తీసేశారు. 2004లో ఫాల్స్ పార్కు, నడిచి వెళ్ళేవారి కోసం లిబర్టీ వంతెన తెరిచారు. మొదటి అడుగు నుంచి అక్కడికి 37 ఏళ్ళు!

నది లేని కువైట్‌లోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. 2014లో సాల్మియాలో పాడుబడిన ఓ పబ్లిక్ గార్డెన్‌లో కొందరు వాలంటీర్లు కూరగాయలు పెంచడం మొదలుపెట్టారు. దానికి సీక్రెట్ గార్డెన్ అని పేరు పెట్టుకున్నారు.

మరి మన సంగతి? క్యాంపులో ఎకరాలు లేవు, నిజమే. కానీ ఏసీ నుంచి కారే నీళ్ళు ఊరికే నేలపాలవుతున్నాయి. అవి తాగడానికి పనికిరావు, మొక్కలకు పోయొచ్చు. క్యాంపు బాస్‌ను ఒక్కమాట అడిగి, ఎండలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో పాత నూనె డబ్బాలో పుదీనా కాడలు గుచ్చి చూడండి. డ్యూటీ నుంచి వచ్చేసరికి కంటికి ఇంత పచ్చదనం కనిపిస్తుంది.

ఇంకొక మాట. ఊళ్ళో గుడికి, జాతరకు మనం ఇక్కడి నుంచి చందాలు పంపుతూనే ఉన్నాం. ఈసారి ఏటి గట్టు మీద నాలుగు కానుగ మొక్కలకు, వాటి చుట్టూ కంచెకు కూడా ఒక దినారు పక్కన పెడదాం. మనం శాశ్వతంగా ఊరు చేరే నాటికి కూర్చోవడానికి నీడ ఉంటుంది.