ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కు విమానం ఎక్కాల్సిందేనా?

బీకాం చివరి ఏడాదో, ఎంబీఏ మొదటి ఏడాదో చదివే పిల్లలున్న ఇంట్లో ఇంటర్న్‌షిప్ మాట రాక మానదు. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా దాని వెనకే అమెరికా మాట కూడా వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే సలహాలు కొన్ని వీసా నిబంధనల ముందు తేలిపోతాయి, మరికొన్ని హైదరాబాద్ దాకా వెళ్లి చూస్తే తేలిపోతాయి.

అపోహ: వీసా వస్తే చాలు, వేసవి సెలవుల్లో వెళ్లి చేసి రావచ్చు.

విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి కంపెనీలో ఇంటర్న్‌గా కూర్చోవడం కుదరదు. ఇక్కడి కాలేజీలో చదువుతూ వెళ్లేవాళ్లకు జే-1 ఇంటర్న్ వీసా ఉంది. దానికి అక్కడి ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్ సంస్థా, ముందే రాసి ఒప్పుకున్న శిక్షణ ప్రణాళికా కావాలి. అక్కడే ఎంఎస్‌లో చేరి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు చదువుతూనే పనిచేసే అనుమతి, సీపీటీ, దొరుకుతుంది. అది కూడా మామూలుగా ఒక విద్యాసంవత్సరం గడిచాక, పని కోర్సులో భాగమైతేనే. చదువయ్యాక పనిచేసే అనుమతి, ఓపీటీ, 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే మరో 24 నెలలు.

ఫైనాన్స్ వాళ్లకు అసలు మెలిక ఇక్కడే ఉంది. మామూలు ఫైనాన్స్ డిగ్రీ కోడు స్టెమ్ జాబితాలో లేదు, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ కోడు ఉంది. చూడాల్సింది బ్రోషర్ మీది పేరు కాదు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీది కోడు. కన్సల్టెన్సీ కుర్చీలో కూర్చున్నప్పుడు ఫీజు, లోను, హాస్టలు అన్నీ అయ్యాకే ఈ సంగతి వస్తుంది, వస్తే.

అపోహ: పెద్ద కంపెనీ అనుభవం కావాలంటే దేశం దాటాలి.

గోల్డ్‌మన్ శాక్స్ 2021లో హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో అంతకు ముందు నుంచే ఉన్నాయి. దేశం మొత్తం బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం ఉన్నదీ ఆ ఊళ్లోనే. సీఎఫ్‌ఏ చార్టర్‌కు కావాల్సిన 4,000 గంటల అనుభవం ఏ దేశంలో సంపాదించినా చెల్లుతుంది. ఆర్బీఐ వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఏటా 125 మంది దాకా తీసుకుంటారు. విదేశీ యూనివర్సిటీల్లో చదివేవాళ్లు కూడా దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అయితే జిల్లా కాలేజీ పిల్లలకు ఈ తలుపులు వాటంతటవే తెరుచుకోవు. పెద్ద కంపెనీలు తమకు అలవాటైన క్యాంపస్‌ల వైపే ముందు చూస్తాయి. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీకీ హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడకూ మధ్య దూరం న్యూయార్క్‌తో పోలిస్తే తక్కువే కావచ్చు, కానీ దాటాల్సింది ముందు ఆ దూరాన్నే. బ్యాంకింగ్, బీమా రంగాల నైపుణ్యాలు నేర్పేందుకు 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన శిక్షణ తమ కాలేజీలో ఉందో లేదో ప్రిన్సిపాల్‌ను అడగడం అమెరికా కలకన్నా చవక.

అపోహ: జిల్లాలో ఫైనాన్స్ ఏముంది, ట్యాలీ తప్ప?

మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం లాంటి మార్కెట్ యార్డులో రైతు చేతికొచ్చే తక్‌పట్టీని ఒకసారి చదివితే చాలు. బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, హమాలీకీ, తూకం వేసే దడువాయికీ పోయిందెంత, చివరికి చేతికొచ్చేదెంత అన్నీ ఒక్క కాగితం మీద ఉంటాయి. దాని వెనక సాగు మొదట్లో కమీషన్ ఏజెంటు అయిన అడ్తీదారు ఇచ్చిన అప్పు ఉంటుంది, వ్యాపారి నుంచి అడ్తీదారుకు ఇంకా రావాల్సిన బాకీ ఉంటుంది, ధర కోసం కోల్డ్ స్టోరేజీలో ఆగిన మిర్చి ఉంటుంది. వర్కింగ్ క్యాపిటల్ అని పుస్తకంలో రెండు అధ్యాయాలు చదివే విషయం ఇదే. సీజన్లో ఒక అడ్తీ లెక్కలు చూసిన కుర్రాడు ఇంటర్వ్యూలో చెప్పడానికి మాటలు వెతుక్కోడు.

భూపాలపల్లిలో లెక్క ఇంకా పెద్దది. బొగ్గు తవ్వే సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. బొగ్గు ధర కరెంటు ఖర్చులోకి ఎలా చేరుతుందో ఇక్కడ కళ్లముందే కనిపిస్తుంది. బ్యాంకుల సంగతికొస్తే, వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బ్యాంకుల విలీనం మీద ప్రాజెక్టు రిపోర్టుకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

సీఏ చదివేవాళ్లకు ఇంటర్న్‌షిప్ ఎక్కడన్న ఈ చర్చే అక్కర్లేదు. 2023 నుంచి రెండేళ్లకు తగ్గిన ఆర్టికల్‌షిప్ వాళ్లకు ఎలాగూ తప్పదు.

అపోహ: కేంద్రం పెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం విద్యార్థులందరికీ వర్తిస్తుంది.

2024లో ప్రకటించిన నిబంధనల ప్రకారం రెగ్యులర్ కోర్సు చదువుతున్నవాళ్లు దీనికి అర్హులు కారు. 21 నుంచి 24 ఏళ్ల మధ్య వయసుండి, బీకాం పూర్తయి ఖాళీగా ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చని వాటిలో ఉంది. ఎంబీఏ, సీఏ పూర్తిచేసినవాళ్లకు అవకాశం ఇవ్వలేదు.

అపోహ: డబ్బు కడితే విదేశీ ఇంటర్న్‌షిప్ ఇప్పించేవాళ్లున్నారు.

ఉన్నారు, సమస్యంతా అదే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కాంబోడియా వెళ్లిన తెలంగాణ యువకులతో అక్కడి ముఠాలు సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఆ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపించాలి. ఇది ఇంటర్న్‌షిప్ కదా, లైసెన్సెందుకు అని ఏజెంటు దాటవేస్తే, డబ్బు కట్టే ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోని చిరునామాకే నేరుగా ఒక మెయిలు పెట్టి అడగొచ్చు.