హీరోయిన్ గొంతు వెనక ‘గుయ్’మనే విలన్!

మన టాకీలకు తొలి శత్రువు ఎవరో తెలుసా? సెన్సారు కాదు... చప్పుడు! 1931లో బొంబాయిలో ‘ఆలం ఆరా’ తీసేటప్పుడు స్టూడియో దగ్గర్లోనే రైలు పట్టాలు. పగలంతా రైళ్ళ రొద. అందుకని ఆర్దేషిర్ ఇరానీ బృందం చాలా భాగం షూటింగు అర్ధరాత్రి దాటాక, రైళ్ళు సద్దుమణిగిన వేళ కానిచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఆరిఫ్లెక్స్ 2సి కెమెరా వచ్చింది. బొమ్మ బ్రహ్మాండం, చప్పుడు కుట్టుమిషను! సెట్లో చెప్పిన డైలాగును మళ్ళీ డబ్బింగ్ థియేటర్లో చెప్పించడం మనవాళ్ళకు అలవాటు కావడానికి అదీ ఒక కారణమే.

ఇప్పటి డిజిటల్ కెమెరా మౌనవ్రతం పట్టింది. కానీ విలన్ చావలేదండోయ్, వేషం మార్చాడంతే! కంప్యూటర్ డబ్బాలో ఫ్యాను రూపంలో తిష్ఠ వేశాడు.

కృష్ణానగర్ గదిలో...

ఈమధ్య హైదరాబాదు కృష్ణానగర్‌లో ఓ కుర్ర దర్శకుడి గదికి వెళ్ళాను. ఎడిటింగ్, డబ్బింగ్, పడక – అన్నీ ఆ ఒక్క గదిలోనే. షార్ట్ ఫిల్మ్‌కి మిగిలింది క్లైమాక్స్‌లో హీరోయిన్ గుసగుసగా చెప్పే రెండే రెండు మాటలు. సినిమా మొత్తం వాటి మీదే నిలబడాలి. ఆ అమ్మాయి ఊరెళ్ళే బస్సు రాత్రి తొమ్మిదింటికి. మళ్ళీ నెల దాకా రాదు.

సీలింగ్ ఫ్యాను ఆపారు. కిటికీ మూశారు. ఆమె చెప్పింది, చక్కగా చెప్పింది. తీరా హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ గుసగుస వెనక ‘గుయ్’మని ఒకటే రొద!

“సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దామన్నా” అన్నాడు కుర్రాడు. తీశాడు. రొదతోపాటు గొంతులో తడి కూడా పోయింది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంది.

అప్పుడొచ్చాడు పక్కగది మిత్రుడు, కంప్యూటర్లు బిగించే ఆయన. మూత తీసి ఒక్క చూపు చూశాడు. “తమ్ముడూ, ఇవి మూడు పిన్నుల ఫ్యాన్లు. సెట్టింగేమో నాలుగు పిన్నులది. అందుకే పొద్దస్తమానం ఫుల్ స్పీడు!” అన్నాడు.

ఇంతకీ ఏమిటీ పిన్నుల గొడవ?

మూడు పిన్నుల ఫ్యానుకు వేగం తగ్గాలంటే 12 వోల్టుల కరెంటునే తగ్గించాలి. ఇది డి.సి. పద్ధతి. నాలుగు పిన్నులదానికి 12 వోల్టులూ అలాగే ఉంటాయి; నాలుగో తీగ మీద సెకనుకు 25 వేల సార్లు సంకేతం వెళ్ళి, ఎంత తిరగాలో చెబుతుంది. ఇది పి.డబ్ల్యు.ఎం. పద్ధతి. మనిషి చెవి 20 వేల దాకానే వింటుంది గనక ఆ సంకేతం మనకు వినబడదు.

మిత్రుడు బయోస్‌లోకి వెళ్ళి డి.సి. మోడ్ పెట్టి, 1500 చుట్లు తిరిగేవాటిని 750కి దించాడు. లెక్క చూడండి: వేగం సగమైతే గాలీ సగమే, కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది! అందుకే ఒక్క ఫ్యాను పరుగెత్తడం కంటే రెండు ఫ్యాన్లు నింపాదిగా నడవడం మేలు. గాలి అంతే, గోల తక్కువ.

ఎనిమిదింపావుకి ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. ఈసారి గుసగుస గుసగుసలాగే వినబడింది. బస్సూ అందింది.

మీరూ చేసుకోవచ్చు

ముందు ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులపండి. తర్వాత పిన్నులు లెక్కపెట్టి, బయోస్‌లో సరైన మోడ్ ఎంచుకోండి. ప్రాసెసర్ వేడి 50 డిగ్రీల దాకా నిదానంగా, ఆపైన మెల్లమెల్లగా పెరిగేలా, 85 దగ్గర పూర్తి వేగం అందుకునేలా గీత గీయండి. వేడి ఒక్క క్షణం పెరగగానే ఫ్యాను ఎగిరిపడకుండా కాస్త ఆలస్యం పెట్టే వీలూ చాలా బోర్డుల్లో ఉంది. ఒకే స్థాయి రొదను చెవి మరిచిపోతుంది. పెరిగి తగ్గే రొద చిరాకు పెడుతుంది.

బోర్డులో ఆ వసతి లేదా? ఫ్యాన్ కంట్రోలర్ అని విడిగా దొరుకుతుంది. రేడియో వాల్యూములాగా మర తిప్పడమే! కొనేముందు అది మీ ఫ్యాన్ల పిన్నులకు సరిపోతుందో లేదో చూసుకోండి.

కానీ ఒక్కమాట. మన మే నెల ఎండల్లో గదే 40 డిగ్రీలుంటే ఫ్యాను అంతకంటే చల్లబరచలేదు. రికార్డింగప్పుడు నెమ్మది సరే, రెండరింగప్పుడు మాత్రం వేగం పెరగనివ్వాలి. లేకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి పని మందగిస్తుంది. నీటితో చల్లబరిచే పంపు వేగం తగ్గించకండి. పవర్ సప్లై డబ్బా మూత అసలే తీయకండి. ప్లగ్గు పీకినా లోపల కరెంటు కాసేపు దాక్కుని ఉంటుంది. విలన్ని లొంగదీయాలేగాని, వాడి గుహలోకి దూకక్కర్లేదు గదా!